ఉస్తానీ పేరేమిటి?

1848లో పూనాలో ఆడపిల్లల కోసం బడి మొదలైనప్పుడు సావిత్రిబాయి ఫూలేకి పదిహేడేళ్ళు. ఇందులో కొత్త సంగతేమీ లేదు. ఆమె పుట్టింది 1831 జనవరి 3న అనీ, బడి పెట్టింది 1848లో అనీ పిల్లల పుస్తకాల్లో కూడా ఉంటుంది. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తీసివేత చేసి చూసేవాళ్ళే తక్కువ. ఉపాధ్యాయ సంఘాల కేలండర్ల మీద, దళిత బహుజన సభల బ్యానర్ల మీద మనం చూసే సావిత్రిబాయి నడివయసు స్త్రీ. నుదుట పెద్ద బొట్టు, తలమీదుగా కొంగు. ఆమెను తల్లి అనే పిలుస్తాం. బడి పెట్టింది ఆ తల్లి కాదు. ఇవాళ్టి లెక్కలో ఇంటర్మీడియెట్ చదివే పిల్ల.

తల్లి అనడంలో గౌరవం ఉంది, కాదనం. కానీ మన దేశంలో ఆడమనిషికి దక్కే గౌరవానికి ఒక షరతు ఉంది. ఆమె ముందు ఎవరికో తల్లి కావాలి. సావిత్రిబాయికి కడుపున పుట్టిన బిడ్డలు లేరు. అయినా సరే తల్లిని చేసి గానీ మనం దండ వెయ్యలేకపోయాం. పదిహేడేళ్ళ పిల్ల చేసిన పనిని పదిహేడేళ్ళ పిల్ల చేసిన పనిగానే ఒప్పుకోవడం మనకు ఇప్పటికీ చేతకాదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, పదహారు పదిహేడేళ్ళ అమ్మాయిలు ఏదో ఒక సేవాసంస్థ పెడితే వాళ్ళను వేదికలెక్కించి జ్ఞాపికలిచ్చే రోజులొచ్చాయి. దానికి సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని పేరు. ఆ పిల్లల ఫొటోలు ఇంగ్లీషు పత్రికల్లో వస్తున్నాయి, ఆ సర్టిఫికెట్లు విదేశీ కాలేజీల దరఖాస్తుల్లోకీ ఎక్కుతున్నాయి. మంచిదే, ఎవరి కష్టాన్నీ మేము తక్కువ చెయ్యం. కానీ ఆడపిల్లలు ఈ వయసులో సమాజం కోసం ఒక పని మొదలుపెట్టడం నిన్నగాక మొన్న పుట్టిన వింత అన్నట్టు రాస్తుంటే మాత్రం, రెండు భాషల్లో వార్తలు రాసి బతుకుతున్న వాళ్ళుగా మేము ఊరుకోలేం. ఈ పని పాతది. కొత్తగా వచ్చింది వేదిక మాత్రమే. ఆ వేదిక మీదికి ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు ఎక్కడం లేదు అన్నదే మా ప్రశ్న.

అసలు పదిహేడేళ్ళ పిల్లే ఎందుకు బడి పెట్టవలసి వచ్చింది? ఆడపిల్లల్ని బడికి పంపడానికి అంతో ఇంతో ఇష్టపడ్డ ఇంటివాళ్ళు కూడా మగ పంతులు దగ్గరికి పంపరు. ఆడ పంతులు కావాలి. ఊళ్ళో చదువొచ్చిన ఆడవాళ్ళు లేరు. పెద్దవాళ్ళకు ఇప్పుడు నేర్పుదామంటే ఒకరి చంకలో బిడ్డ, ఒకరి తలమీద అత్తగారు. ఇక మిగిలేది ఎవరు? నిన్ననే ఇంట్లో ఎవరో దయతలిచి నాలుగక్షరాలు నేర్పిన చిన్నది. తను నిన్న నేర్చుకున్నది ఇవాళ పదిమందికి చెప్పాలి. ప్రపంచంలో ఆడవాళ్ళ చదువు మొదటిసారి మొదలైన చాలా చోట్ల మొదటి పంతులమ్మలు ఇట్లాంటి పిల్లలే. పరదా ఉన్న ఇళ్ళల్లో అయితే మరీను. తొమ్మిదేళ్ళకు పెళ్ళి చేసుకుని వచ్చిన సావిత్రికి అక్షరాలు దిద్దించింది జోతిరావు. ఆయన మాత్రం ఎంత పెద్దవాడని? పెళ్ళినాటికి పదమూడేళ్ళు, బడి పెట్టిననాటికి ఇరవై ఒకటి.

జోతిరావు చదువుకి వెనక ఉన్న ఒక మనిషిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పూల తోటల పనికి చాలు అని తండ్రి గోవిందరావు కొడుకుని బడి మానిపిస్తే, పిల్లవాడి తెలివి చూసి, మళ్ళీ బడికి పంపమని నచ్చజెప్పినవాళ్ళు ఇద్దరు. ఒకరు లిజిట్ అనే దొర. ఇంకొకరు గఫార్ బేగ్ మున్షీ. ఉర్దూ ఫార్సీ చెప్పుకునే పొరుగింటి సాయిబు. అది 1841. ఆ మున్షీ నోరు మూసుకుని తన పని తను చూసుకుని ఉంటే పూనాలో ఆ బడి ఏ సంవత్సరంలో వచ్చేదో! ఫూలే మీద వచ్చిన జీవితకథల్లో ఈ మున్షీకి ఒక్క పేరా మించి చోటు దొరకదు. అదైనా దొరికింది, ఎందుకంటే ఆయన మగవాడు, ఆయనకొక ఉద్యోగం పేరు ఉంది.

ఆ తర్వాత కథ అందరూ ఎరిగిందే. దారిలో పేడ, మట్టి విసిరారు. సావిత్రిబాయి సంచిలో రెండో చీర పెట్టుకుని వెళ్ళేది. కులపెద్దల ఒత్తిడికి తలొగ్గి 1849లో గోవిందరావు కొడుకునీ కోడల్నీ ఇల్లు వదిలి పొమ్మన్నాడు. అప్పుడు వాళ్ళకు తలదాచుకునే చోటు ఇచ్చింది గంజ్ పేటలోని స్నేహితుడు ఉస్మాన్ షేక్. ఆయన చెల్లెలు ఫాతిమా. సావిత్రిబాయితో పాటు బడుల్లో చెప్పింది. 1852 నాటికి ఆడపిల్లల బడులు మూడయ్యాయి. ఆ ఏడాది నవంబరులో విశ్రాంబాగ్ వాడాలో సభ పెట్టి ప్రభుత్వం తరపున శాలువలిచ్చి సత్కరించారు. ఆ సత్కారం జోతిరావుకి. రోజూ పేడనీళ్ళు కడుక్కుని బడికి పోయిన పిల్ల పేరు ఆ శాలువ మీద లేదు. గుర్తింపు అనేది ఎలా నడుస్తుందో చూపడానికి ఆ ఒక్క శాలువ చాలు.

బడులు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1857 తిరుగుబాటు తర్వాత దొరల చందాలు ఆగిపోయాయి, సర్కారు చెయ్యి వెనక్కి తీసుకుంది, కమిటీలో పాఠాల విషయమై తగాదాలొచ్చి జోతిరావు తప్పుకున్నాడు. 1858 నాటికి మూడూ మూతబడ్డాయి. పది సంవత్సరాలు. నేటి భాషలో చెప్పాలంటే సంస్థ విఫలమైంది. ఇప్పటి జ్ఞాపికల కమిటీలు వాళ్ళను పిలిచి, మీ ఆదాయ నమూనా ఏమిటి, ఎన్నాళ్ళు నిలబడతారు అని అడిగి ఉంటే సావిత్రి ఏం చెప్పేదో మాకు తెలుసుకోవాలని ఉంది.

ఇక ఫాతిమా. ఆమె గురించి మనకున్నది ఎంత? 1856 అక్టోబరు 10న సావిత్రిబాయి పుట్టింటి ఊరు నాయగావ్ నుంచి జోతిరావుకి ఉత్తరం రాసింది. ఒంట్లో బాగాలేక అక్కడ ఉండిపోయింది. తను లేకపోవడంతో ఫాతిమాకి పని ఎక్కువై కష్టమవుతూ ఉంటుందని, అయినా ఆమె సణగదని, అందులో ఒక మాట. అంతే. సావిత్రిబాయి రచనల సంపుటంలో 1988లో అచ్చయింది. దానితో పాటు ఇద్దరూ కూర్చున్నదని చెప్పే ఒక పాత ఫొటో. ఉత్తరంలో ఇంటిపేరు లేదు. ఉస్మాన్ షేక్ చెల్లెలు అన్నది జీవితకథలు రాసినవాళ్ళు చెప్పుకుంటూ వచ్చిన సంగతి. ఒక స్త్రీ ఏళ్ళ తరబడి చేసిన చాకిరీకి చరిత్రలో మిగిలింది ఇంకొక స్త్రీ జ్వరంలో రాసిన ఒక వాక్యం. అది కూడా ఏమిటి? సణగదు అని! సణిగి ఉంటే ఇంకో నాలుగు వాక్యాలు మిగిలేవేమో.

ఈ ఒక్క వాక్యం మీద ఈ మధ్య ఎన్ని మేడలు కట్టారో, ఎన్ని కూల్చారో చూడండి. 2022 జనవరి 9న గూగుల్ ఆమె బొమ్మ వేసింది. 1831 జనవరి 9 ఆమె జన్మదినం అన్నారు. ఆ తేదీకి ఆ కాలపు కాగితం ఏదీ ఆధారం లేదు. సావిత్రి పుట్టిన ఏడాదే, సావిత్రి పుట్టిన నెలే, ఆరు రోజుల తేడాతో! ఎవరో ప్రేమకొద్దీ పెట్టిన తేదీలా ఉంది. ఆ తేదీ నిజమైతే బడి పెట్టిననాటికి ఆమెదీ పదిహేడేళ్ళే. అయితే బాగుండునని మాకూ ఉంది. కానీ బాగుండునన్న కోరిక చరిత్ర కాదు. మన వాళ్ళు ఉత్సాహంతో ఒక్కో జయంతికీ ఒక్కో కొత్త వివరం అతికిస్తూ పోయారు. దాని ఫలితం 2025లో కనిపించింది. సరిగ్గా ఆ జనవరి 9నే ఢిల్లీ పాత్రికేయుడు ఒకరు, ఫాతిమా షేక్ అనే మనిషే లేదు, ఆ పాత్రను కల్పించింది నేనే అని ప్రకటించాడు. 1856 ఉత్తరం, 1988లో అచ్చయిన పుస్తకం ఈయన కల్పన కంటే ముందువి కదా అని చాలామంది జవాబిచ్చారు. కానీ ఆ రోజు నెట్టింట్లో జరిగిన సంబరం చూశాం. ఒక ముస్లిం స్త్రీ చరిత్రలో లేకుండా పోయిందన్న వార్తకి ఇంత సంతోషమా?

కాగితం చూపించు. ఈ మాట మాకు కొత్త కాదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మొహల్లా మొహల్లాలో ముసలమ్మలు రేకు పెట్టెలు తెరిచి పాత రేషను కార్డులు, తాతల నాటి పట్టాలు వెతుక్కున్నారు. ఇప్పుడు నూటయాభై ఏళ్ళ నాటి పంతులమ్మను కూడా అదే ప్రశ్న అడుగుతున్నారు. ఉర్దూలో షనాఖ్త్ అనే మాట ఉంది, పహచాన్ అనే మాట ఉంది. షనాఖ్త్ కాగితం మీద ఉండేది. పహచాన్ మనిషి మనిషిని చూసి పట్టుకునేది. తెలుగులో రెంటికీ కలిపి గుర్తింపు అనేస్తాం. గుర్తింపు కార్డు అన్నా అదే, సేవలకు గుర్తింపు అన్నా అదే. ఫాతిమాకి దక్కింది పహచాన్. సావిత్రికి ఆమె తెలుసు, అది చాలు. మనం అడుగుతున్నది షనాఖ్త్.

గూగుల్ ఆ బొమ్మ వేసిన నెలలోనే ఇంకొకటి జరిగింది. ఉడుపిలో ప్రభుత్వ ప్రీయూనివర్సిటీ కాలేజీలో తలమీద గుడ్డ కప్పుకున్నారని ముస్లిం అమ్మాయిలను తరగతిలోకి రానివ్వలేదు. వాళ్ళదీ అదే వయసు, పదహారు, పదిహేడు, పద్దెనిమిది. మార్చి 15న కర్ణాటక హైకోర్టు ఆ నిషేధం సరైనదేనంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట అన్నారు. తెర మీద నూటయాభై ఏళ్ళ క్రితం ముస్లిం పంతులమ్మకి పూలు, గేటు బయట ఇవాళ్టి ముస్లిం విద్యార్థినికి తాళం. చచ్చిపోయిన ఉస్తానీని గుర్తించడం సులువు. ఆమె ఏ గేటు ముందూ నిలబడదు.

ఇందాక ఉస్తానీ అన్నాం. ఆ మాట దగ్గర కొంచెం ఆగాలి. హైదరాబాదు పాతబస్తీలో గానీ, కర్నూలు కడప ముస్లిం గల్లీల్లో గానీ పుట్టి పెరిగిన వాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. మాలో చాలామందికి అలిఫ్ బే దిద్దించింది ప్రభుత్వ బడి కాదు. మధ్యాహ్నం జొహర్ తర్వాతో, సాయంత్రం అసర్ తర్వాతో ఒక ఇంటి ముందుగదిలో చాప పరిచి కూర్చోబెట్టే అమ్మాయి. తను ఖురాను ముగించి ఏడాదో రెండేళ్ళో అయి ఉంటుంది. పదమూడు, పద్నాలుగు, పదహారేళ్ళు. పదిహేనుమంది పిల్లలు ఊగుతూ కాయిదా చదువుతుంటే, ఒక చేత్తో తమ్ముణ్ణి జోకొడుతూ ఇంకో చేత్తో తప్పులు దిద్దుతుంది. పేద పిల్లల దగ్గర పైసా తీసుకోదు. ఇవ్వగలిగినవాళ్ళు నెలకి ఎంతో కొంత ఇస్తారు. అదే గదిలో వేసవి సెలవుల్లో కుట్టు మిషను, కార్చోబీ చట్రం వెలుస్తాయి. నలుగురు పిల్లలకు జరీ పని నేర్పి, బజారు నుంచి పని తెచ్చి పంచేదీ ఆమే. లెక్కలు ఒక నోటు పుస్తకంలో. బడి, మదర్సా, శిక్షణ కేంద్రం, సహకార సంఘం అన్నీ కలిసిన ఈ సంస్థకి బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షురాలు లేదు. ఉన్నదల్లా ఆపా. లేదా బాజీ. లేదా ఉస్తానీ.

గుర్తింపు అసలే లేదా అంటే ఉంది. పిల్ల ఖురాను ముగించినప్పుడు హదియా చేస్తారు. ఆ రోజు ఉస్తానీకి ఒక జత బట్టలు, మిఠాయి పళ్ళెం, పెద్దవాళ్ళ దువా. జరీ శాలువ కంటే మాకు అదే ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ గౌరవమే ఆమె పేరుని మింగేస్తుంది. ఆపా అని పిలిచి పిలిచి ఆమె పేరు మరిచిపోతాం. పెళ్ళయి వెళ్ళిపోతుంది. చాప మాత్రం అక్కడే ఉంటుంది, చెల్లెలు కూర్చుంటుంది. పిల్లలు ఆమెను కూడా ఆపా అనే పిలుస్తారు. గౌరవపు మాటలు మా భాషలో ఇంత మెత్తగా మనుషుల్ని చెరిపేస్తాయి. సావిత్రిని తల్లి చేసినట్టే.

ఫూలేల బడిలోనే ఇంకొక పిల్ల ఉంది. ఆమె సంస్థ ఏదీ పెట్టలేదు గానీ ఆ సంస్థ ఏం చేసిందో చెప్పడానికి ఆమే సాక్ష్యం. పేరు ముక్త, మాంగు కులం పిల్ల. 1855లో, పద్నాలుగేళ్ళ వయసులో, మూడేళ్ళ చదువుతో, మాంగుల మహర్ల దుఃఖం గురించి మరాఠీలో వ్యాసం రాసింది. అహ్మద్‌నగర్ మిషనరీల జ్ఞానోదయ పత్రిక దాన్ని ఫిబ్రవరి, మార్చి సంచికల్లో వేసింది. వేదాలు బ్రాహ్మణులవే అయితే మాకే పుస్తకం లేనట్టే కదా, మరి మా మతం ఏది అని నిలదీసింది ఆ పిల్ల. ఇస్లాములోకి పోయిన దూదేకుల, లద్దాఫ్, కసాబ్ తాతలు కూడా ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న వేసుకునే ఉంటారని మా అనుమానం. ఆ వ్యాసం మన చేతికి రావడానికి కారణం ఆనాటి పత్రిక ఒకటి అయితే, రెండోది మన హైదరాబాదు. సూసీ తారు, కె. లలిత కూర్చిన భారతీయ స్త్రీల రచనల ఇంగ్లీషు సంకలనంలో, 1991లో అది చేరింది. ముక్త తర్వాత ఏమైందో చరిత్ర పుస్తకాల్లో లేదు. ఆమె తల్లి కాలేదు మరి, మన దృష్టిలో.

పూనా నుంచి మన కోస్తాకి వద్దాం. ఎందుకంటే ఇదే కథ మన గడప లోపల కూడా జరిగింది, అందులో మా వాళ్ళూ ఉన్నారు.

1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెసు సమావేశం ముగించుకుని గాంధీ కాకినాడ వచ్చాడు. ఊళ్ళో ఒక పిల్ల, పేరు దుర్గాబాయి. 1909 జులైలో పుట్టింది, అంటే అప్పటికి పన్నెండు కూడా నిండలేదు. ఊళ్ళోని దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు గాంధీ మాట వినాలని ఆమె కోరిక. ఈ రెండు రకాల వాళ్ళకూ మామూలు సభలో చోటు లేదు. ఒకరిని సభ్యులు రానివ్వరు, ఇంకొకరు సభ్యుల ముందుకి రారు. ఆ ఇద్దర్నీ ఒకే చోట కూర్చోబెట్టవచ్చని పెద్ద నాయకులకు తట్టలేదు, ఈ పిల్లకి తట్టింది. ఆమె తన ఆత్మకథలో రాసుకున్న ప్రకారం, కాంగ్రెసు పెద్దలు ఐదు వేల రూపాయల నిధి తెస్తే అప్పుడు చూద్దాం అన్నారు. చిన్నపిల్ల, పోతుందిలే అనుకుని ఉంటారు. దేవదాసీలు మేమిస్తాం అన్నారు. స్టేషనుకీ టౌన్‌హాలుకీ మధ్య ఒక బడి ఆవరణ సంపాదించింది. కాసేపు ఆగి వెళ్ళిపోవలసిన గాంధీ అరగంటకు పైగా మాట్లాడాడు. నగలూ నగదూ కలిపి పాతిక వేల దాకా పోగైంది. తర్వాత టౌన్‌హాలు సభలో తన ఉపన్యాసం తెలుగు చెయ్యడానికి కొండా వెంకటప్పయ్యగారిని పక్కనబెట్టి ఈ పిల్లను పిలిచాడు.

ఈ కథను తెలుగువాళ్ళు ఎన్నోసార్లు చెప్పుకున్నారు. చెప్పినప్పుడల్లా దుర్గాబాయి ధైర్యం, గాంధీ ప్రేమ, దేవదాసీల త్యాగం. ఘోషా స్త్రీలు మాత్రం గుంపుగానే ఉండిపోయారు. వాళ్ళు ఏ వీధుల నుంచి వచ్చారు? ఎవరిని అడిగి గడప దాటారు? తీసి ఇచ్చిన గాజులు ఏ ఇంటి గాజులు? ఒక సంగతి మాత్రం ఊహించవచ్చు. గాంధీ మాట్లాడేది హిందుస్తానీ. ఆ ఆవరణలో తెలుగు అనువాదం అక్కర్లేకుండా ఆ మాటలు నేరుగా చెవికెక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఆ బుర్ఖాల్లోని స్త్రీలే అయి ఉంటారు. ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడుకునే భాష అది. గాంధీ మాట ముందుగా అర్థమైనవాళ్ళ పేర్లే చరిత్రకి తెలియకుండా పోయాయి.

దుర్గాబాయి ఆ చిన్నతనంలోనే హిందీ నేర్చుకుని ఆడవాళ్ళకు హిందీ పాఠశాల పెట్టింది. ఇదీ పదిమంది కోసం ఒక పిల్ల పెట్టిన సంస్థే. గోదావరి జిల్లాల్లో ఆ రోజుల్లో హిందీ చెప్పేవాళ్ళు దొరకడం గగనం. పక్క వీధిలో అదే నుడి ఇంటి భాషగా ఉన్న ఆడవాళ్ళు ఉన్నారు. ఒక సాయిబు ఇంటి అమ్మాయిని ఉస్తానీగా పిలుద్దామని ఆ ఊళ్ళో ఎవరికైనా తోచిందా? లిపి వేరయింది, దానితో మనుషులూ వేరయ్యారు. అయితే దుర్గాబాయికి న్యాయం చెయ్యాలి. 1949 సెప్టెంబరులో రాజ్యాంగ సభలో భాష మీద చర్చ వచ్చినప్పుడు హిందీ ఉర్దూ కలిసిన హిందుస్తానీయే జాతీయ భాష కావాలని నిలబడినవాళ్ళలో ఆమె ఒకరు. దక్షిణాది మీద హిందీని తోసే తొందరపాటునూ ఆమె తప్పుపట్టింది. చిన్నప్పుడు చాప మీద కూర్చుని చెప్పిన పాఠం ఆమె మరిచిపోలేదు.

1923 డిసెంబరులో కాకినాడలోనే కాంగ్రెసు మహాసభ. అధ్యక్షుడు మౌలానా మహమ్మదలీ. దుర్గాబాయికి పద్నాలుగేళ్ళు, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరు. టిక్కెట్టు లేకుండా వచ్చిన నెహ్రూని ఆపేసింది, టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ఈ సంగతి తెలియని తెలుగు పిల్లవాడు లేడు. మాకు ఈ కథ ఇష్టమే. కానీ గమనించండి, ఒక పిల్ల చేసిన పనుల్లో మనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఆమె పెట్టిన పాఠశాలని కాదు, సమకూర్చిన సభని కాదు, ఒక పెద్దమనిషి ఆమెను మెచ్చుకున్న సంఘటనని. ఆ సభకి అధ్యక్షత వహించింది ఒక మౌలానా అన్నది ఈ కథ చెప్పేవాళ్ళలో ఎంతమంది చెబుతారు? దుర్గాబాయి తర్వాత 1937లో ఆంధ్ర మహిళాసభ పెట్టింది, 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. అప్పటికి ఆమె అందరికీ అమ్మ.

ఈ కాలంలో అమ్మ కాకముందే గుర్తింపు పొందిన ముస్లిం పిల్ల ఒకరున్నారు. మలాలా. 2009 జనవరిలో, పదకొండేళ్ళ వయసులో, స్వాత్ లోయలో ఆడపిల్లల బడులు మూసేస్తుంటే బీబీసీ ఉర్దూకి డైరీ రాసింది. గుల్ మకాయ్ అనే మారుపేరుతో. మేము ఆ డైరీని ఉర్దూలోనే చదివినవాళ్ళం. నిజం పేరుతో ప్రపంచమంతటికీ తెలిసింది 2012 అక్టోబరు 9న, తలలోకి తుపాకి గుండు దిగిన తర్వాత. పదహారో ఏట నిధి, 2014లో పదిహేడో ఏట నోబెల్. మళ్ళీ అదే పదిహేడు! మా వాళ్ళలో కొందరు ఆ పిల్లను పడమటి దేశాల బొమ్మ అని వెక్కిరించారు. ఆ దేశాలు ఆమెను వాడుకోలేదని మేమూ అనం. కానీ గుండు తగలకముందు ఆమె రాసిన రాతకి మన ఉర్దూ పత్రికలు ఎంత చోటిచ్చాయి? మన ఇంటి పిల్లను మనం ముందు గుర్తించి ఉంటే, ఇంకొకరు వచ్చి గుర్తించారని ఏడ్చే పని ఉండేది కాదు.

ఈ మాట అనడం మా వాళ్ళకు నచ్చదని తెలుసు. ఫాతిమా షేక్ పేరుతో సభలు పెట్టే పెద్దలే తమ ఇంటి అమ్మాయిని పదో తరగతితో ఆపేస్తున్నారు. కాలేజీ దూరం, బస్సులు సరిగా లేవు, కాలం బాగోలేదు అంటారు. కాలం బాగోలేదన్నది నిజమే. 1848లోనూ బాగోలేదు. ఇంకా కొందరు ఫాతిమాని సావిత్రి పక్కన నిలబెట్టడం అంటే మా సమాజం ముందే సంస్కరణ చేసేసిందని చూపించడానికి అనుకుంటున్నారు. ఒక ఉస్మాను ఒక ఫాతిమాతో సమాజం చేసేసినట్టు కాదు. అవతల సెక్యులర్ మిత్రుల తీరు ఇంకోలా ఉంటుంది. వాళ్ళకు జనవరిలో ఒక ముస్లిం పేరు కావాలి, బ్యానర్ మీద సమతూకం కోసం. ఫిబ్రవరి వస్తే ఆ బ్యానర్ మడిచి పెడతారు.

హైదరాబాదులో సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టింది. అప్పటికి ఆమె యాభై ఏళ్ళ పెద్దమనిషి, రచయిత్రి, పత్రిక నడిపినావిడ. ఆమె పేరు మిగిలింది. మిగలాల్సిందే. ఆ కాలంలో ఇళ్ళల్లో చాపలు పరిచిన పిల్లల పేర్లు ఏవీ? 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాట స్త్రీల మాటలు పోగుచేసి మనకు తెలియని మన చరిత్ర అని వేసినప్పుడు అందులో జమాలున్నిసా బాజీ గొంతు కూడా ఉంది. ఆమె కూడా బాజీయే, అయితే ఎవరో టేపు రికార్డరు పట్టుకుని వెళ్ళి అడిగారు కాబట్టి బాజీ ముందు ఒక పేరు నిలిచింది. అడగడమే తేడా.

అందుకని మేము కొందరం ఈ మధ్య ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఎవరి దగ్గర అలిఫ్ బే నేర్చుకున్నారు, ఎవరి దగ్గర సూది పట్టారు, అప్పుడు ఆమెకు ఎన్నేళ్ళు ఉంటాయి అని ఇంటింటా అడిగి రాసుకుంటున్నాం. జనం మొదట నవ్వుతారు. తర్వాత కూర్చోమంటారు, చాయ్ వస్తుంది, ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. పేర్లు దొరికిన చోట పేర్లు రాశాం. పేజీల్లో సగం మాత్రం ఇట్లా ఉన్నాయి. మసీదు వెనక సందు, కుట్టు మిషను సాయిబు రెండో అమ్మాయి, వయసు పదిహేను, పిల్లలు ఇరవై దాకా, ఫీజు లేదు, నాలుగేళ్ళు నడిపింది, పెళ్ళయి గుల్బర్గా వెళ్ళింది. పేరేమిటమ్మా అని అడిగితే పక్కింటి ముసలావిడ చాలాసేపు ఆలోచించింది. లోపలికి వెళ్ళి కోడల్ని అడిగింది. కోడలు ఎదురింటివాళ్ళను కేకేసింది. చివరికి గుల్బర్గా ఫోన్ నంబరు ఉన్నవాళ్ళు ఒకరున్నారని, జుమ్మా తర్వాత రమ్మని చెప్పారు.